కండోనేషన్ కాగితం

కండోనేషన్ అనే ఇంగ్లిష్ మాట ఎంతమందికి తెలుసో నాకు అనుమానమే. హైదరాబాదులో పెద్ద పెద్ద బళ్లలో చదివిన మా బంధువుల పిల్లలను అడిగితే తెల్లముఖం వేశారు. అదే కోరుట్ల బస్టాండులో ఏ డిగ్రీ విద్యార్థిని ఆపి అడిగినా తడుముకోకుండా చెప్తాడు. హాజరు తక్కువైనవాళ్లు పరీక్ష రాయాలంటే పెట్టుకునే దరఖాస్తు పేరు అది. "నేను కండోనేషన్ల పడ్డ" అంటారు మా పిల్లలు, గుంతలో పడ్డట్టు.

నేను జగిత్యాలలో ఉండేదాన్ని. రోజూ బస్సులో కోరుట్ల పోయి, ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఏడేళ్లు ఇంగ్లిష్ చెప్పాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆ మాటకు అర్థమేమిటో నాకూ సరిగ్గా తెలియదు. తెలియదని ఒప్పుకునే స్వభావం కాదు కనుక ఎవరూ చూడకుండా డిక్షనరీ తీశాను. కండోన్ చేయడమంటే క్షమించడం కాదట. తప్పును తప్పని తెలిసి కూడా, చూసీ చూడనట్టు పోనివ్వడమట. క్షమించినవాడు ఒక మాటైనా అంటాడు. కండోన్ చేసినవాడు ఏమీ జరగనట్టు పక్కకు తిరుగుతాడు. చదివిన రోజు ఈ తేడా నాకు చాలా నచ్చింది. పాఠం పక్కనపెట్టి అరగంట దాని మీదే మాట్లాడాను.

ఇంగ్లిష్ పేపర్లలో ఈ మాట ఎప్పుడు కనిపించినా 'కాదు'తోనే కనిపిస్తుంది. ఉద్యమం రోజుల్లో పెద్ద అధికారులు హింసను కండోన్ చేయబోమని రోజుకొకరు చెప్పేవాళ్లు. చేస్తామని ఎవరైనా అనడం నేను చదవలేదు. మా వైపు మాత్రం ఆ క్రియ లేనే లేదు. ఫిబ్రవరి నెల రాగానే నోటీసు బోర్డు మీద మొలిచే ఒక నామవాచకంగానే అది బతికింది.

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె జరిగిన ఏడాది ఆ మాట నా మెడకు చుట్టుకుంది.

సమ్మెలో బస్సులు లేవు, ఆఫీసులు లేవు, సగం రోజు కరెంటు లేదు. మా కాలేజీ గేటుకు మొదటి రోజే తాళం పడింది. ముప్పై ఆరు పనిదినాలు పోయాయి. అంతా అయ్యాక ప్రిన్సిపాల్ మమ్మల్నందరినీ తన గదిలో కూర్చోబెట్టాడు. రిటైరయ్యాక కూడా పని మానలేని పెద్దమనిషి, చెడ్డవాడు కాదు.

"ముప్పై ఆరు రోజులు క్లాసులు నడిచినట్టే రిజిస్టర్ల రాయుండ్రి. లేకుంటే పనిదినాలు తక్కువైతయి, ఒక్క పిల్లగాడు గూడ పరీక్షకు కూసోడు" అన్నాడు.

తోటి లెక్చరర్లు టీ తాగుతూ అందరికీ ప్రెజెంట్ వేసి పారేశారు. నాకు ఒళ్లు మండింది. రానివాళ్లకు వచ్చినట్టు ఎట్లా వేస్తారని స్టాఫ్‌రూములో పెద్ద గొడవే పెట్టుకున్నాను. "నేను అబద్ధం రాయ" అని అందరికీ వినబడేలా చెప్పి, ఎర్ర పెన్ను తీసి, క్లాసు మొత్తానికీ ముప్పై ఆరు రోజులకూ ఆబ్సెంట్ వేశాను. క్లాసు జరిగిందని రాశాను, ఎవరూ రాలేదని రాశాను. ఆ సాయంత్రం బస్సులో జగిత్యాల పోతూ, నాకంటే నిజాయితీపరులు ఈ జిల్లాలో ఉండరని అనుకున్నాను కూడా.

ఫిబ్రవరిలో హాజరు లెక్క తేలింది. అన్ని సబ్జెక్టులూ కలిపి డెబ్బై అయిదు శాతం ఉండాలి. నా ఎర్ర పెన్ను పుణ్యమా అని బీఏ మూడో సంవత్సరంలో సగం క్లాసు కండోనేషన్‌లో పడింది. దానికి మా దగ్గర ఒక పద్ధతి ఉంది. జ్వరం వచ్చి మంచాన పడ్డానని అచ్చు వేసిన ఫారం మీద సంతకం పెట్టి, డాక్టరు సర్టిఫికెట్ జతచేయాలి. ఆ ఏడాది మా క్లాసులో సగంమందికి ఒకే నెలలో టైఫాయిడ్ వచ్చింది. ఒకడైతే ఆ సర్టిఫికెట్‌ను సమోసా తింటూనే నా చేతికిచ్చాడు. కాగితం మీద నూనె మరక పడింది. తిట్టి పంపించాను గానీ సంతకం మాత్రం చేశాను.

అందరూ ఇచ్చారు, ఒక్క అమ్మాయి తప్ప.

ఆమెది సిరిసిల్ల. తండ్రి మరమగ్గం మీద పనిచేస్తాడు. వాటిని అక్కడ సాంచాలు అంటారు. కోరుట్లలో బీడీలు చుట్టే మేనత్త ఇంట్లో ఉండి, పొద్దున ఆమెతోపాటు బీడీలు చుట్టి, తొమ్మిదిన్నరకు కాలేజీకి వచ్చేది. రెండో బెంచీలో కూర్చుని నేను చెప్పిన ప్రతిదానికీ ఎందుకని అడిగేది. కొన్నిసార్లు విసుగొచ్చేది, ఆమె రాని రోజు మాత్రం పాఠం చప్పగా ఉండేది. సమ్మె రోజుల్లో ఇంటికి పోయి అక్కడి దీక్షా శిబిరంలో కూర్చుంది. సమ్మె ముగిసినా శిబిరం ఎత్తలేదని ఇంకో రెండు వారాలు ఉండిపోయింది. ఆమె హాజరు డెబ్బై ఒకటి దగ్గర ఆగింది. బోర్డు మీద తన పేరు చూసి సిరిసిల్ల బస్సెక్కి వెళ్లిపోయిందట.

మేనత్త కాలేజీకి వచ్చి నాతో చెప్పింది. "ఈ ఏడు పరీక్ష రాయకుంటే మల్ల పంపనన్నడు మేడం మా అన్న. చదివిచ్చుడు నాతోని కాదంటున్నడు. పిల్లనేమో మొండికేసింది."

ఫారాలు యూనివర్సిటీకి పంపడానికి ఆఖరి రోజు వచ్చింది. ఆ అమ్మాయికి ఫోన్ చేస్తే ఎత్తలేదు. ప్రిన్సిపాల్ పొద్దున్నే నన్ను పిలిచి ఖాళీ ఫారం ఒకటి చేతిలో పెట్టాడు.

"ఆమెకు అన్ని సబ్జెక్టులల్ల మంచిగనే ఉన్నది. తక్కువైందంత మీ ఇంగ్లిష్‌లనే. మీరే పోయి సంతకం తెండ్రి. ఐదు గంటలకు కవర్ మూస్త. తర్వాత దేవుడు దిగొచ్చినా నాతోని కాదు."

ఆ మాటలో ఉన్న పోటు నాకు తగిలింది. తగిలిందని చూపించకుండా ఫారం మడిచి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని బస్టాండుకు నడిచాను.

సిరిసిల్లకు వేములవాడలో బస్సు మారాలి. నేనెక్కిన బస్సు దారిలో చందుర్తి దగ్గర ఆగిపోయింది. సమ్మె ముగిసినా ఉద్యమం ఆగలేదు, రోడ్డు మీద నిరసనగా వంటావార్పు. రాళ్ల పొయ్యిల మీద పెద్ద గిన్నెలు, చుట్టూ జెండాలు, పాటలు. ముందు అరడజను లారీలు, వెనక మా బస్సు. వాచీలో పది అయింది. కిందికి దిగి, కొంచెం దారివ్వండని ఒకాయనను బతిమాలాను. అర్జెంటు పని, ఒక పిల్ల పరీక్ష విషయం అని చెప్పాను. ఆయన నవ్వుతూ, "మేం చేసేది గూడ పిల్లల కోసమే గద మేడం" అన్నాడు.

పదకొండు దాటింది. ఒకామె నా చేతిలో విస్తరాకు పెట్టి, అన్నం, పప్పు వడ్డించింది. "తినుండ్రి మేడం, బస్సు ఏడికి పోతది" అంది. తినాలనిపించలేదు. తినకపోతే బాగుండదని నిలబడే తిన్నాను, ముద్ద ముద్దకూ వాచీ చూసుకుంటూ. సిరిసిల్ల నుంచి రెండుంబావుకు బయల్దేరకపోతే ఐదింటికి కోరుట్ల చేరలేను. ఎన్నిసార్లు లెక్కవేసినా అదే తేలింది.

పన్నెండుకు దారి ఇచ్చారు. వేములవాడలో గుడికి వచ్చిన జనం బస్టాండు నిండా ఉన్నారు. సిరిసిల్ల బస్సులో నిలబడటానికి కూడా చోటు దొరకలేదు. ఒక ఆటోలో ఆరుగురి మధ్య ఇరుక్కుని కూర్చున్నాను. సిరిసిల్లలో వాళ్ల గల్లీ వెతుక్కుని వెళ్లేసరికి ఒకటిన్నర దాటింది.

గల్లీ పొడుగునా సాంచాల మోత. పక్కవాడి మాట వినబడాలంటే చెవి దగ్గర అరవాలి. వాళ్ల గడపలో అడుగు పెట్టిన క్షణమే కరెంటు పోయింది. మోత ఒక్కసారిగా ఆగి, ఇంట్లో గిన్నె కదిలినా వినబడేంత నిశ్శబ్దం అయింది. తండ్రి సాంచాల షెడ్డులో నుంచి దూది దుమ్ముతో బయటికి వచ్చాడు.

"రాండ్రి మేడం, కూసోండ్రి. పొద్దటి సంది ఒక్క ముద్ద ముట్టలే ఈమె. జెర మీరన్న చెప్పుండ్రి. ఏడాది పోతే ఇంకో ఏడాది నేను చదివియ్యలేను, ఉన్నమాట" అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు, అలసట ఉంది.

అమ్మాయి నూలు కండెలు చుట్టే మిషన్ దగ్గర నుంచి లేచి నిలబడింది. నేను కూర్చోలేదు. ఫారం తీసి, పెన్ను మూత తీసి, సంతకం పెట్టే చోట వేలు పెట్టి చూపించాను.

"ఇక్కడ పెట్టు. డాక్టర్ కాయిదం నేను చూసుకుంట. నాకు టైమ్ లేదు, బస్సు పట్టుకోవాలె."

ఆమె ఫారం చేతిలోకి తీసుకుని మొదటి నుంచి చివరిదాకా చదివింది. మా క్లాసులో ఆ ఫారాన్ని ఎవరూ చదివిన పాపాన పోలేదు. చదివి తలెత్తింది.

"కండోన్ అంటే ఏంది మేడం?"

టైమ్ లేదని ఇప్పుడే చెప్పినదాన్ని, అర్థం అడిగితే మాత్రం ఆగలేకపోయాను. అదొక రోగం నాకు. క్షమించడానికీ దీనికీ తేడా చెప్పాను. "తప్పు తప్పే. గని చూసీ చూడనట్టు వదిలిపెడ్తరు. గంతే" అన్నాను.

"అంటే నేను తప్పు చేసిననని నేనే రాసియ్యాల్నా?"

"కాయిదం మీద మాటనే గద. అందరు పెట్టిండ్రు."

"నాకు టైఫాయిడ్ రాలే మేడం. శిబిరంల కూసున్న. మా బాపు కూసున్నడు, ఈ గల్లీ మొత్తం కూసున్నది. గది జరం అని నా చేత్తోని రాస్తే, రేపు మా బాపు మొకం ఎట్ల చూడాలె?"

తండ్రి అటువైపు తిరిగి గోడకు ఆనుకున్నాడు. కూతురు చదువు ఆగకూడదని ఆయనకు ఉంది, ఆ మాట కాదనలేని ఇబ్బందీ ఉంది.

"చదువు పోతది" అన్నాను గట్టిగా. "పరువు కోసం చదువు పోగొట్టుకుంటవా?"

"సమ్మె అయిపోయినంక రెండు వారాలు నేను రాలే. గది నిజం. కాలేజ్ నడుస్తుండె, నేను రాలే. దానికి మీరు ఆబ్సెంట్ వేస్తే నేనేం అన. గని సమ్మె రోజులకు ఎట్ల వేసిండ్రు మేడం? గా ముప్పై ఆరు రోజులల్ల మీరు కోరుట్లకు వచ్చిండ్రా?"

నేను రాలేదు. బస్సులే లేవు. ఆ రోజుల్లో నేను జగిత్యాల చౌరస్తాలో మిగతా ఆడవాళ్లతో కలిసి రోడ్డుకు అడ్డంగా బతుకమ్మ ఆడుతున్నాను. మానవహారంలో చెయ్యీ చెయ్యీ పట్టుకుని నిలబడ్డాను. గొంతు బొంగురుపోయేదాకా నినాదాలిచ్చాను. ఆమె సిరిసిల్లలో చేసిన పనే నేను జగిత్యాలలో చేశాను. చేసి వచ్చి, ఎర్ర పెన్నుతో ఆమెను గైర్హాజరు చేశాను.

"మీరే లేని క్లాసుకు నేను రాలేదని ఎట్ల రాసిండ్రు?"

"ఏయ్, మేడంతోని గట్ల మాట్లాడ్తరా?" అని తండ్రి కసిరాడు.

ముందు నాకు కోపమే వచ్చింది. ఇంత దూరం వస్తే ఇదా మర్యాద అని నోటిదాకా వచ్చింది. కానీ ఆమె ముఖంలో పొగరు లేదు. నిజంగానే తెలుసుకోవాలని, క్లాసులో అడిగినట్టే అడుగుతోంది. నా నిజాయితీ గురించి నాలుగు నెలలుగా నేను పెంచుకున్న గర్వమంతా ఆ ఇంట్లో నిలబడి ఉండగానే పోయింది. అబద్ధం రాయనని స్టాఫ్‌రూములో అరిచిన నేను, ఆ కాలేజీలో అందరికంటే చెడ్డ అబద్ధం రాశాను. మిగతావాళ్ల అబద్ధం పిల్లలను కాపాడింది. నాది వాళ్లను ముంచింది.

ఫారం ఆమె చేతిలోంచి తీసుకుని మడిచాను.

"నువ్వు సంతకం పెట్టకు. రేపు కోరుట్లకు రా" అన్నాను.

"మరి పరీక్ష?" అన్నాడు తండ్రి.

"రాస్తది" అన్నాను. ఎట్లా రాస్తుందో ఆ క్షణాన నాకే తెలియదు.

తిరుగు దారి నాకు సరిగ్గా గుర్తులేదు. చందుర్తిలో రోడ్డు మీద ఆరిన పొయ్యిల బూడిద ఉంది. రుద్రంగి దాటాక డ్రైవరు టీకి దిగితే వెనకే దిగి ఆయన మీద అరిచాను. ఆ మనిషి టీ సగంలో వదిలేసి వచ్చాడు. కోరుట్లలో దిగి పరుగులాంటి నడకతో కాలేజీ మెట్లెక్కేసరికి ఐదుకు ఇరవై నిమిషాలు తక్కువ. ప్రిన్సిపాల్ ముందు కవరు ఇంకా తెరిచే ఉంది.

"తెచ్చిండ్రా?"

"లేదు సార్. నా రిజిస్టర్ ఇయ్యుండ్రి."

నిలబడే ఆ ముప్పై ఆరు రోజుల గడుల మీదా, క్లాసే జరగలేదన్నట్టు, అడ్డంగా గీత గీశాను. ప్రతి గీత పక్కనా పొట్టి సంతకం పెట్టాను. గుమాస్తా కాలిక్యులేటర్ తీసి ఆ అమ్మాయి హాజరు మళ్లీ లెక్క వేశాడు. ఆ మీటల చప్పుడు వింటూ నిలబడ్డాను. మొదట ఒకసారి తప్పు నొక్కి మళ్లీ మొదలుపెట్టాడు. అతని చేతిలోంచి అది లాక్కోవాలనిపించింది.

"డెబ్బై అయిదున్నర" అన్నాడు చివరికి.

గట్టెక్కింది. ఆమెతోపాటు టైఫాయిడ్ పిల్లల్లో చాలామంది గట్టెక్కారు. కుర్చీలో కూలబడ్డాను. ప్రిన్సిపాల్ గుమాస్తాను బయటికి పంపించి తలుపు దగ్గరికి వేశాడు.

"మేడం, మిగతా సబ్జెక్టులకు గా రోజులల్ల క్లాసులు నడిచినయి. మీ ఒక్కదానికే నడవలేదా? పైనుంచి అడిగితే ఏం చెప్పాలె?"

"ఎవ్వలికీ నడవలే సార్. గేటుకు తాళం ఉండె. మనందరికి ఎరుకే."

"గది రాస్తరా? రాయుండ్రి." తెల్లకాగితం నా వైపు జరిపాడు. "మీరు గట్ల రాస్తే అందరి రిజిస్టర్లు తీస్తరు. మొత్తం బ్యాచ్ పరీక్ష పోతది. మీ సిరిసిల్ల పిల్లది గూడ పోతది." తర్వాత మెత్తగా అన్నాడు. "పొరపాటున వేరే క్లాసు హాజరు ఇండ్ల వేసిన అని రెండు లైన్లు రాయుండ్రి. నేను కండోన్ చేస్త."

కోరుట్లలో ఆ మాటను ఒక మనిషి క్రియగా వాడటం నేను వినడం అదే మొదలు. సరిగ్గానే వాడాడు. తప్పని తెలుసు, చూసీ చూడనట్టు పోనిస్తానంటున్నాడు. అందుకు నేను చేయాల్సింది ఒక్క సంతకం.

గోడ గడియారంలో ఐదుకు ఆరు నిమిషాలు ఉంది. రాశాను. పొరపాటున జరిగిందని, మన్నించమని రెండు లైన్లు, తప్పుల్లేని ఇంగ్లిష్‌లో. కింద సంతకం పెట్టాను. ఆయన దాన్ని ఫైలులో పెట్టుకుని కవరు అంటించాడు.

బ్యాచ్ మొత్తాన్ని కాపాడటానికి రాశానని చాలా ఏళ్లు నాకు నేనే చెప్పుకున్నాను. అదీ నిజమే, అబద్ధమనను. కానీ కాగితం నా ముందుకు జరిగినప్పుడు నా మనసులో మొదట మెదిలింది బ్యాచ్ కాదు. వచ్చే జూన్‌లో నన్ను మళ్లీ తీసుకోరేమోనన్న భయం. ఇరవై ఏళ్ల పిల్ల చదువు పోతుందన్నా భయపడకుండా పెట్టనన్న సంతకం, నేను ఆరు నిమిషాల్లో పెట్టాను.

హాల్‌టికెట్లు వచ్చిన రోజు ఆమె స్టాఫ్‌రూముకు వచ్చింది. తండ్రి కూడా వచ్చి గుమ్మం బయటే నిలబడి, నన్ను చూసి రెండు చేతులూ జోడించాడు.

"నా కోసం మీకేమన్న ఇబ్బందైందా మేడం?" అని అడిగింది. "మా బాపు గల్లీల అందరికి చెప్తుండు. గేటుకు తాళం ఉండెనని మా పిల్ల కాలేజ్ మేడం ఉన్నదున్నట్టు రాసిచ్చిందని."

హాల్‌టికెట్ ఆమె చేతికిచ్చి, పరీక్షకు రెండు పెన్నులు తెచ్చుకొమ్మని చెప్పాను.